భయపడాల్సిన వాటికే భయపడదాం

ఏడో నెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెల పిల్ల దక్కదు. ఈ మాట చెవిన పడని తెలుగిల్లు దాదాపు ఉండదు. ఏడో నెలలో నొప్పులొస్తే “ఫర్వాలేదులే, ఏడో నెల పిల్లలు గట్టిపిండాలు” అని ధైర్యం చెబుతారు. ఎనిమిదో నెలలో వస్తే దేవుడి మీద భారం వేస్తారు. మొదటిచోట అక్కర్లేని ధీమా, రెండోచోట అక్కర్లేని నిరాశ. నిజానికి కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు కలిసొచ్చేదే. 28 వారాలకు పుట్టిన బిడ్డకంటే 30 వారాల బిడ్డకు, ఆ బిడ్డకంటే 34 వారాల బిడ్డకు బతికే అవకాశం ఎక్కువ. మధ్యలో గండం నెల అంటూ ఏదీ లేదు.

గర్భిణి ఉన్న ఇంట్లో భయాలకు కరువుండదు. మొర్రి వస్తుందని గ్రహణం వేళ కత్తిపీట ముట్టనివ్వరు, గడప దాటనివ్వరు, కదలకుండా పడుకోబెడతారు. బొప్పాయి వంక చూడనివ్వరు. పొద్దుగూకాక చెట్టు కింద నిలబడనివ్వరు. అదే ఇంట్లో “పొద్దుట్నుంచి బిడ్డ కదలట్లేదు అత్తయ్యా” అని కోడలంటే, “తొమ్మిదో నెల కదమ్మా, లోపల చోటు చాలదు, తెల్లారనీ చూద్దాం” అంటారు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ “చూద్దాం” గురించే. పెద్దవాళ్ల భయాలను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. భయపడే శక్తి మనందరికీ కొంతే ఉంటుంది. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో ముందే తేల్చుకుందాం అంటున్నాను.

కడుపులో 28 వారాలు నిండినప్పటి నుంచి పుట్టాక ఏడు రోజులు గడిచేదాకా ఉన్న కాలాన్ని వైద్యులు విడిగా లెక్కగడతారు. మనిషి జీవితంలో ఇంత తక్కువ వ్యవధిలో ఇంత ప్రమాదం ఇంకెప్పుడూ ఉండదు. ప్రపంచవ్యాప్తంగా 2022లో 23 లక్షల మంది శిశువులు నెల నిండకుండానే పోయారు. వాళ్లలో సుమారు మూడోవంతు మంది పుట్టిన రోజే పోయారు, ముప్పావు వంతు మంది మొదటి వారం దాటలేదు. ఇవి కాక ఏటా 19 లక్షల మంది దాకా కడుపులోనే చనిపోయి పుడుతున్నారు. వాళ్లలో నూటికి 40 మందికి పైగా నొప్పులు మొదలయ్యేవరకు బతికే ఉన్నవాళ్లు. మన దేశంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ప్రతి వెయ్యి మంది శిశువుల్లో దాదాపు 25 మంది మొదటి నెలలోనే పోతున్నారు.

కారణాలు చాలావరకు నాలుగే: నెలలు నిండకుండా పుట్టడం, కాన్పు సమయంలో ఊపిరి అందకపోవడం, ఇన్‌ఫెక్షన్లు, పుట్టుకతో వచ్చే లోపాలు. ఈ నాలుగింటి వెనకా మనం ముందుగా కనిపెట్టగలిగిన సంగతులు ఉంటాయి.

నెల తప్పకముందే

వెన్నుపాము, మెదడు రూపుదిద్దుకునే నాళం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుపోతుంది. అంటే నెల తప్పిందని తెలిసి, టెస్టు చేయించుకుని, శుభవార్త పుట్టింటికి చెప్పేలోగానే ఆ పని అయిపోతుంది. అందుకే ఫోలిక్ యాసిడ్ మాత్ర పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టిన రోజు నుంచే వేసుకోవాలి. రోజుకు 400 మైక్రోగ్రాములు, ఏ మందుల షాపులోనైనా చవగ్గా దొరుకుతుంది. ఇదివరకు అలాంటి లోపంతో బిడ్డ పుట్టి ఉంటే, లేదా తల్లికి షుగర్, మూర్ఛ ఉంటే మోతాదు పెంచాలి, అది డాక్టరు చెప్పాలి. గ్రహణానికి ఇచ్చే గౌరవంలో పదోవంతు ఈ మాత్రకు ఇచ్చినా బాగుండును.

మేనరికం గురించి మాట్లాడక తప్పదు. మేనమామకు ఇవ్వడం, మేనత్త కొడుకుకు ఇవ్వడం మన దగ్గర తరాలుగా ఉన్నదే. అలాంటి దంపతులకు పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు, కాబట్టి పెళ్లయిపోయినవాళ్లు గుండెలు బాదుకోవాల్సిన పని లేదు. కానీ మామూలుగా వందలో ఇద్దరికో ముగ్గురికో ఉండే తీవ్రమైన పుట్టుక లోపాల ప్రమాదం బావామరదళ్ల పెళ్లిలో ఇంచుమించు రెట్టింపవుతుంది. మేనమామతో పెళ్లయితే రక్తసంబంధం మరింత దగ్గర కనుక ఇంకొంచెం పెరుగుతుంది. మొదటి చెకప్‌లోనే “మాది మేనరికం” అని డాక్టరుకు చెప్పండి. అమ్మమ్మ కాన్పుల్లో పోయిన పసిగుడ్డుల సంగతి కూడా చెప్పండి. ఈ పెళ్లిళ్లలో అటు ఇల్లూ ఇటు ఇల్లూ ఒకటే కనుక ఆ పాత కథ రెండు వైపులా వర్తిస్తుంది. 18 నుంచి 20 వారాల మధ్య చేసే టిఫా స్కాన్ వాయిదా వేయొద్దు. ఇప్పటికే ఒక బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ గర్భం దాల్చకముందే జన్యు వైద్యులను కలవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో అందుకు ప్రత్యేక విభాగమే ఉంది.

వయసు సంగతి అందరికీ తెలిసిందే, ఆచరణే లేదు. ఆ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 20–24 ఏళ్ల మధ్య ఉన్న ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 29 మందికి, తెలంగాణలో 23 మందికి పైగా 18 నిండకముందే పెళ్లయింది. ఎదుగుతున్న ఒళ్లు, లోపల ఎదగాల్సిన బిడ్డ ఒకే కంచంలో తినాలి. కాన్పుకూ కాన్పుకూ ఎడం లేకపోయినా అదే ఇబ్బంది. ఒక బిడ్డ పుట్టాక కనీసం రెండేళ్లు ఆగి మళ్లీ గర్భం దాల్చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మొదట ఆడపిల్ల పుట్టిందని వెంటనే రెండో కాన్పుకు తొందరపెట్టే ఇళ్లలో ఈ రెండేళ్ల మాట ఎవరు ఎత్తాలి? భర్తే ఎత్తాలి. కోడలు ఎత్తితే నెగ్గదు.

పట్టీ కట్టని చెకప్ చెకప్ కాదు

చెకప్ అంటే చాలామంది దృష్టిలో స్కాన్. తెరమీద బిడ్డ కనిపిస్తుంది, గుండె చప్పుడు వినిపిస్తుంది, సంతోషంగా బయటికొస్తారు. చేతికి పట్టీ కట్టి బీపీ చూశారా అని అడిగితే గుర్తుండదు. నాకు ఒక్క పరీక్షే ఎంచుకోమంటే స్కాన్‌ని పక్కన పెట్టి బీపీనే ఎంచుకుంటాను.

మన పెద్దలు గుర్రపువాతం అన్నది దీని చివరి దశనే. గర్భిణికి ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి, తల్లీబిడ్డా ఇద్దరూ ప్రాణాపాయంలో పడేవారు. ఆ ఫిట్స్‌కు ముందు సాధారణంగా కొన్ని వారాలుగా బీపీ పెరుగుతూ ఉంటుంది. బీపీ పెరిగినప్పుడు మాయలోకి వెళ్లే రక్తం తగ్గుతుంది, బిడ్డ ఎదుగుదల మందగిస్తుంది, ఒక్కోసారి మాయ ఉన్నపళంగా విడిపోయి గంటల్లోనే బిడ్డ చనిపోతుంది. 140/90, అంతకు మించితే డాక్టరుకు చూపించాల్సిందే. తలపోటు తగ్గకపోవడం, కళ్ల ముందు మసక, మెరుపులు, డొక్కల కింద పైకడుపులో నొప్పి, తెల్లారేసరికి ముఖం, చేతులు ఉబ్బడం కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి. “నెలలు నిండాక నీరు పట్టడం మామూలే” అనే మాటలో సగం నిజం ఉంది, అందుకే అది ప్రమాదకరం. సాయంత్రానికి పాదాలు కాస్త వాచడం మామూలే. ఉంగరం వేలికి బిగుసుకుపోవడం మామూలు కాదు. కిందటి కాన్పులో బీపీ వచ్చినవాళ్లకు డాక్టర్లు మూడో నెల చివర్లోనే చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. గుండె జబ్బు మాత్ర గర్భిణికి ఎందుకని ఇంట్లోవాళ్లు దాన్ని ఆపేయకూడదు.

రక్తహీనత మన దేశపు గర్భిణుల్లో సగానికి పైగా ఉంది, సర్వే లెక్కలో 52 శాతం. రక్తం పలచబడిన తల్లికి నెలలు నిండని కాన్పు, తూకం తక్కువ బిడ్డ పుట్టే ప్రమాదం ఎక్కువ. ఐరన్ మాత్రలు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, కనీసం 180 రోజులు వేసుకోవాలి. ఇళ్లలో ఆ మాత్రలు ఫ్రిజ్ మీద స్టీలు గిన్నెలో పోగుపడి ఉంటాయి. మలం నల్లగా వస్తోందని, వికారంగా ఉందని మానేస్తారు. నల్లగా రావడం సహజం. వికారమైతే రాత్రి భోజనమయ్యాక పడుకోబోయే ముందు వేసుకోండి. టీతోగానీ, టీ తాగిన గంటలోపుగానీ వేసుకుంటే ఐరన్ ఒంటబట్టదు. కాల్షియం మాత్రను ఇంకో పూటకు పెట్టుకోండి. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే మంచిది. ఇంకో మాట: ఎక్కువ తింటే బిడ్డ పెరిగిపోయి కాన్పు కష్టమవుతుందని చివరి నెలల్లో కంచం తగ్గించే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. తూకం తక్కువ బిడ్డకు పుట్టాక ఒళ్లు చల్లబడటం, ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ. కాన్పు తేలికవుతుందేమో అనే ఆశకు చెల్లించే మూల్యం చాలా పెద్దది.

షుగర్ పరీక్షకు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు రక్తం తీస్తారు. 140 దాటితే గర్భిణి షుగర్ అన్నట్టే. మొదటి చెకప్‌లో ఒకసారి, 24–28 వారాల మధ్య మరోసారి చేయించాలి. తల్లి రక్తం నెగెటివ్ గ్రూపై, తండ్రిది పాజిటివ్ అయితే 28 వారాలకు యాంటీ–డి ఇంజెక్షన్, బిడ్డ పాజిటివ్‌గా పుడితే 72 గంటల్లోపు మరొకటి అవసరం. మొదటి బిడ్డకు ఏమీ కాలేదని వదిలేస్తే దెబ్బ రెండో బిడ్డకు తగులుతుంది. సిఫిలిస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్–బి పరీక్షలు అడగడానికి మొహమాటపడొద్దు, అవి అందరికీ చేసేవే. ధనుర్వాతం టీకా వల్ల ఎంత మేలు జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: ఒకప్పుడు పురిటిలోనే పిల్లల్ని ఎత్తుకుపోయిన ఆ జబ్బును భారత్ నిర్మూలించిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. పొగాకు సంగతి తెలిసిందే, కానీ భర్త కాల్చే సిగరెట్, కట్టెల పొయ్యి పొగ కూడా లెక్కలోకి వస్తాయని గుర్తుపెట్టుకోవాలి.

పుట్టింటి ప్రయాణం

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆచారం. సీమంతం చేసి, ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తీసుకెళ్తారు. అమ్మ దగ్గర ఉండటం మంచిదే, కాదనను. కానీ వైద్యం కోణంలో చూస్తే, ఆరు నెలలుగా ఆమెను చూస్తున్న డాక్టరు, ఏఎన్‌ఎం, ఆశా అందరూ ప్రమాదం పెరిగే సమయానికి మారిపోతున్నారు. ప్రయాణం రోజును పంచాంగం నిర్ణయిస్తుంది. సారె, చీర, గాజులు, స్వీటు డబ్బాలు కారెక్కుతాయి. ఫైలు బీరువాలో ఉండిపోతుంది. మూడు వారాల తర్వాత అర్ధరాత్రి నొప్పులొస్తే, కొత్త ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు బ్లడ్ గ్రూపు అడుగుతుంది. తల్లి తండ్రి వైపు చూస్తుంది. తండ్రి అల్లుడికి ఫోన్ చేస్తాడు. అల్లుడు నిద్రలో ఉంటాడు.

కాబట్టి తల్లీబిడ్డల కార్డు, స్కాన్ రిపోర్టులు, రక్త పరీక్షల కాగితాలు ఒకే కవరులో పెట్టి ఆమె చేతి సంచిలోనే ఉంచండి. ప్రతి కాగితమూ ఫొటో తీసి కనీసం ఇద్దరి ఫోన్లలో దాచండి. పుట్టింటికి చేరిన వారంలోపే అక్కడి ఏఎన్‌ఎం దగ్గర పేరు రాయించి, కాన్పు చేయబోయే డాక్టరుకు ఒకసారి చూపించండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాస్పత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలుంటాయి, ఆ రోజు ఇందుకు అనువైనది.

కదలిక

28 వారాల తర్వాత ప్రతి బిడ్డకూ ఒక తీరు ఏర్పడుతుంది. ఒకరు తెల్లవారుజామున తంతారు, ఒకరు అమ్మ భోంచేశాక. లెక్కకంటే ఈ తీరు తెలిసి ఉండటమే ముఖ్యం, అది తల్లికి తప్ప ఇంకెవరికీ తెలియదు కూడా. అనుమానం వస్తే ఎడమ వైపు తిరిగి పడుకుని, టీవీ కట్టేసి, కదలికలు లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది రాకపోతే బయల్దేరండి. పది వచ్చినా, రోజూ తన్నినట్టు లేదని మనసుకు తోస్తే అప్పుడూ బయల్దేరండి. చోటు చాలక కదలదు అన్నది ఉత్తమాట. చివరి వారాల్లో తన్నడం పోయి దొర్లడం, తోయడం ఎక్కువైనట్టు అనిపించవచ్చు గానీ, కదలికలు తగ్గిపోకూడదు. అలాగే 28 వారాల నుంచి వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి నిద్రపోవాలి. వెల్లకిలా నిద్రపోయే తల్లుల్లో బిడ్డ కడుపులో చనిపోయే ప్రమాదం కొంత ఎక్కువని పరిశోధనలు చూపించాయి. మధ్యరాత్రి మెలకువ వచ్చి చూసుకుంటే వెల్లకిలా ఉన్నారా? కంగారు పడకుండా పక్కకు తిరిగి మళ్లీ పడుకోండి, అంతే.

ఆస్పత్రికి వెళ్లాక అంతా బాగానే ఉందని పంపేస్తే సిగ్గుపడొద్దు. రెండోసారి అనుమానం వస్తే రెండోసారీ వెళ్లండి. “ఊరికే పరిగెత్తించింది” అని నొచ్చుకునే భర్తలకు నా మాట: ఊరికే అయిన ప్రయాణం మీ అదృష్టం.

ముహూర్తం

తెలంగాణలో 2019–21 సర్వే నాటికి కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. వాటిలో అన్నీ అవసరమై చేసినవి కావు. జాతకం బాగుండే ఘడియ చూసి, దానికి తగ్గట్టు 37 వారాలకే కోయమనే కుటుంబాలు ఉన్నాయి, ఒప్పుకునే ఆస్పత్రులూ ఉన్నాయి. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరుంటుంది. నొప్పులు మొదలైనప్పుడు ఆ నీరు ఇంకిపోవడం వేగమవుతుంది. నొప్పులు రాకుండా, 39 వారాలు నిండకుండా తీసిన బిడ్డల్లో కొందరు ఆయాసంతో నేరుగా ఐసీయూకి వెళ్తారు. పంచాంగం మీద గొడవ పెట్టుకునే ఓపిక నాకు లేదు. సిజేరియన్ వైద్యపరంగా ముందే ఖాయమైతే, 39 వారాలు నిండాక డాక్టరు ఇచ్చిన తేదీల్లోంచి మంచిది చూసుకోండి. అంతకు ముందుకు జరపమని ఎవరినీ అడగొద్దు.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. బిడ్డ గుండె చప్పుడు పడిపోతోంది, ఆపరేషన్ చేయాలి అంటే “మావాళ్లందరికీ నార్మలే అయ్యాయి, ఇంకో గంట చూడండి” అని సంతకం పెట్టకుండా నిలబడటం. ఊపిరందని బిడ్డ మెదడుకు ఆ గంట చాలా ఎక్కువ. ఇంటి దగ్గర ఎవరితోనైనా నొప్పుల ఇంజెక్షన్ చేయించడం అంతకన్నా ఘోరం. గర్భసంచి ఆగకుండా బిగుసుకుంటే మాయలో రక్తం ఆడదు. ఆ మందు బిడ్డ గుండెను గమనిస్తూ, అవసరమైతే ఆపరేషన్ చేయగల చోటే ఇవ్వాలి.

ముందే తేల్చుకోవాల్సినవి

కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన సెరీన్ థాడియస్, డెబోరా మెయిన్ 1994లో ప్రసూతి మరణాల వెనక మూడు ఆలస్యాలున్నాయని రాశారు: వెళ్లాలని నిర్ణయించుకోవడంలో, చేరుకోవడంలో, చేరాక వైద్యం అందడంలో. వాళ్లు తల్లుల గురించి రాసినా, బిడ్డల విషయంలోనూ ఇదే వరస. మూడో ఆలస్యం మన చేతుల్లో పెద్దగా ఉండదు. మొదటిది పూర్తిగా మనదే. భర్త దుబాయ్‌లోనో బెంగళూరులోనో ఉన్నాడు, మామగారు పొలంలో ఉన్నారు, అత్తగారు ఆయన్ని అడక్కుండా చెప్పలేదు. అందుకని ఎనిమిదో నెల రాకముందే ఒక సాయంత్రం అందరూ కూర్చుని ఒక్క మాట అనుకోండి: రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలకపోవడం, ఫిట్స్, విపరీతమైన తలపోటు, జ్వరం, నెలలు నిండకుండా నొప్పులు, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో ఆ సమయానికి ఎవరుంటే వాళ్లే బయల్దేరదీస్తారు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. దూరాన ఉన్న భర్త ఆ మాట తన నోటితో అందరి ముందూ ఫోన్‌లో చెప్పాలి. 108తోపాటు ఊళ్లో రాత్రిపూట వచ్చే ఇద్దరు ఆటోవాళ్ల నంబర్లు గోడ మీద రాయండి. అదే గ్రూపు రక్తం ఇచ్చేవాళ్లు ఎవరో అడిగి ఉంచుకోండి.

నెలలు నిండని నొప్పులైతే ఎక్కడికి వెళ్లాలన్నది ఇంకా ముఖ్యం. పసిపిల్లల ప్రత్యేక విభాగం ఉన్న ఆస్పత్రికి, బిడ్డ కడుపులో ఉండగానే చేరాలి. తల్లి కడుపును మించిన అంబులెన్స్ బిడ్డకు లేదు. అక్కడ 34 వారాల లోపు తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు బిడ్డ ఊపిరితిత్తులను త్వరగా సిద్ధం చేస్తాయి. న్యూజిలాండ్‌లో గ్రాహం లిగిన్స్ ముందు గొర్రెల మీద గమనించి, రాస్ హోవీతో కలిసి 1972లో గర్భిణుల్లో నిరూపించిన సంగతి ఇది. ఖరీదైన మందేమీ కాదు. కానీ పనిచేయడానికి దానికి కొన్ని గంటలు కావాలి, ఆ గంటలు దొరికేది ఇంట్లోంచి త్వరగా బయల్దేరితేనే.

లాల పోయకముందు

పుట్టిన పదిమందిలో ఒకరికి ఊపిరి తీసుకోవడానికి ఎంతోకొంత సాయం కావాలి. మొదటి నిమిషంలోనే ఆ సాయం అందాలి. చాలామందికి పొడిగుడ్డతో గట్టిగా తుడిచి, వీపు రుద్దితే చాలు. కొందరికి బ్యాగు, మాస్కుతో గాలి అందించాలి. ఆ పని తెలిసిన మనిషి, ఆ పరికరం ఉన్న చోటే కాన్పు జరగాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

తర్వాత వచ్చేది లాల. ఇంటికి రాగానే పెద్దామె పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, చెవుల్లో ముక్కులో నూనె చుక్కలు వేసి, శనగపిండి నలుగు పెట్టి, చెంబులతో వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేస్తుంది. మూడు నెలల బొద్దు పిల్లకు అది ముచ్చటే, నూనె చుక్కలూ పొగా మినహా. రెండు కిలోల పసిగుడ్డుకు మాత్రం ఆ పది నిమిషాలూ ప్రమాదమే. తడి ఒళ్లు క్షణాల్లో చల్లబడుతుంది, చల్లబడిన బిడ్డ పాలు తాగదు, పాలు తాగని బిడ్డకు రక్తంలో చక్కెర పడిపోతుంది. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కనీసం 24 గంటలు స్నానం వద్దు. తూకం తక్కువ బిడ్డకు ఎప్పుడు చేయించాలో డాక్టరు చెప్పేదాకా గుడ్డతో తుడిస్తే చాలు. బొడ్డు మీద పసుపు, కుంకుమ, పేడ, నూనె, ఏదీ పెట్టకూడదు. పొడిగా వదిలేయాలి. గంటలోపు ముర్రుపాలు పట్టాలి, తేనె, పంచదార నీళ్లు, ఆముదం వద్దు.

చిన్న బిడ్డను బతికించే సాధనాల్లో తల్లి గుండెలు ఒకటి. 1978లో కొలంబియా దేశపు బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే తల్లుల ఒంటికే బిడ్డల్ని కట్టించాడు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, 1.8 కిలోల లోపు బిడ్డల్ని పుట్టిన వెంటనే ఇలా ఉంచితే నెలలోపు మరణాలు పావు వంతు తగ్గాయి. తల్లి కోలుకునేదాకా తండ్రి చొక్కా విప్పి పడుకోబెట్టుకోవచ్చు. మన తండ్రులు మొదట సిగ్గుపడతారు, రెండో రోజు నుంచి ఇవ్వమంటే ఇవ్వరు.

ప్రాణహితకు అవతల, తెలంగాణ సరిహద్దులోనే ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1990లలో 39 పల్లెల్లో ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి పసిపిల్లల్ని చూపించారు. ఒళ్లు చల్లబడితే వెచ్చబరచడం, ఊపిరి లెక్కపెట్టడం, ఇన్‌ఫెక్షన్ అనుమానమొస్తే ఇంజెక్షన్ ఇవ్వడం వాళ్ల పని. నెలలోపు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఇప్పుడు ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో మీ గడప తొక్కేది ఆ అనుభవం నుంచే. పురుడు కాలేదు, మైల అని ఆమెను గుమ్మంలోంచే పంపేయకండి. బిడ్డను విప్పి చూడనివ్వండి.

ఆమె చూసేవే మీరూ చూడొచ్చు. పాలు తాగడం మానేయడం లేదా పట్టులేకుండా తాగడం. నిమిషానికి 60, అంతకు మించి ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం. ఫిట్స్. తట్టినా కదలకపోవడం. ఒళ్లు కాలడం, లేదా కడుపు వెచ్చగా ఉన్నా అరికాళ్లు చల్లగా ఉండి వెచ్చబడకపోవడం. మొదటి రోజే పసుపు రంగు రావడం, ఎప్పుడొచ్చినా అరచేతులు, అరికాళ్ల దాకా పాకడం. ఏడవని బిడ్డను “ఎంత బుద్ధిమంతుడో” అని మెచ్చుకోకండి, పాలకు లేపి చూడండి. వీటిలో ఏది కనిపించినా తాయెత్తుకీ, మంత్రానికీ, వాతలకీ వెళ్లే దారిలో కాకుండా ఆస్పత్రి దారిలో వెళ్లాలి. ఏడాదిలోపు బిడ్డకు ప్రభుత్వాస్పత్రిలో వైద్యం, రవాణా ఉచితం.

జరగరానిది జరిగితే

అన్నీ సరిగ్గా చేసినా కొందరు బిడ్డలు దక్కరు. ఎంత వెతికినా కారణం దొరకని మరణాలు కూడా ఉంటాయి. అప్పుడు ఇంటికొచ్చిన చుట్టాలు “అప్పుడే బండెక్కకుండా ఉండాల్సింది”, “ఆమె జాతకమే అంత” అంటారు. ఆ మాటల్ని గుమ్మం దగ్గరే ఆపడం ఇంట్లో పెద్దవాళ్ల బాధ్యత. బిడ్డను తల్లికి చూపించకుండా తీసుకెళ్లిపోవడం కూడా ఆమె మంచికే అనుకుంటారు. చూస్తావా అని ఆమెనే అడగండి, ఆమె ఎలా అంటే అలా.

ఆస్పత్రి వదిలేముందు ఆ దుఃఖంలోనే ఎవరో ఒకరు కాగితాలు అడగాలి: బిడ్డ తూకం ఎంత, ఎన్ని వారాలు, నొప్పులకు ముందే పోయిందా తర్వాతా, మాయ ఎలా ఉంది, ఏ పరీక్షలు చేశారు. పోస్టుమార్టం వద్దనుకున్నా మాయను పరీక్షకు పంపమని అడగొచ్చు. వచ్చే గర్భంలో డాక్టరు మొదట వెతికేది ఈ కాగితాలనే. ఒక బిడ్డను కడుపులో పోగొట్టుకున్న తల్లికి మళ్లీ అలా జరిగే ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువ, కాబట్టి ఆ గర్భం మొదటి నెల నుంచే పెద్దాసుపత్రిలో చూపించాలి. ఎప్పుడు ప్రయత్నించాలన్నది ఆమె ఒళ్లు, మనసు చూసి డాక్టరుతో తేల్చుకోవాలి, ఊళ్లోవాళ్ల ఓదార్పు మాటల ప్రకారం కాదు.

బిడ్డ లేకపోయినా ఆమె పచ్చి బాలింతే. రెండు మూడు రోజుల్లో పాలు పడతాయి, రొమ్ములు బిగుసుకుని సలుపుతాయి, ఆ సంగతి ముందే చెప్పేవాళ్లు ఉండరు. బిగుతైన లోదుస్తులు, చల్లటి గుడ్డ, భరించలేనప్పుడు కొంచెం మాత్రమే పిండేయడం, అవసరమైతే పాలు ఆపే మాత్ర కోసం డాక్టరును అడగడం. పథ్యం, విశ్రాంతి, రక్తస్రావం, జ్వరం గమనించుకోవడం అన్నీ మామూలు బాలింతకు ఉన్నట్టే. ఉద్యోగం చేస్తుంటే సెలవు ఉంటుందో ఉండదో అనుకుని వారానికే పరిగెత్తకుండా ఆఫీసులో అడిగించండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకైతే ఇలాంటప్పుడు 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు ఇవ్వాలని 2022 సెప్టెంబరులోనే ఉత్తర్వులు వచ్చాయి. దరఖాస్తుకు జతచేయాల్సింది కూడా ఆస్పత్రి ఇచ్చే ఆ కాగితాలనే.